తీసేసిన శబ్దం

క్లాసులో తెర మీద పిన్ని నోరు కదులుతోంది. మాట మాత్రం వినబడటం లేదు. ఆవిడ చీపురు పైకెత్తిన చోట బొమ్మ ఆగింది. దాని మీద వార్తలు చదివేవాడి గొంతు: "యూనివర్సిటీలో పారిశుధ్య కార్మికుల దౌర్జన్యం!"

"ఈ దృశ్యంలో హింస ఎవరిది?" అని అడిగారు మీడియా, సంస్కృతి పాఠం చెప్పే ప్రొఫెసర్ గారు.

"చీపురెత్తినావిడది సార్," అన్నాడు ముందు బెంచీవాడు. క్లాసంతా నవ్వింది.

వెనక బెంచీలో పంతులమ్మ తల దించుకుంది. ఊడ్చేవాళ్ళు ముద్దుగా పెట్టిన పేరది. వాళ్ళ పిల్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కింది తనొక్కతే. ఆ మెట్లు ఊడ్చేది పిన్ని. తల్లి పోయాక ఆమెను పెంచిందీ పిన్నే.

ఆ వీడియో ముక్క కోసింది పంతులమ్మే. వార్తల చానల్లో శిక్షణకు చేరిన రెండో వారం. "నలభై సెకన్లు చాలు. అసలు శబ్దం తీసెయ్, మన వాయిస్ వేద్దాం," అన్నాడు డెస్క్ ఇన్‌చార్జి. పిన్ని ఏమంటోందో చెవులారా విని మరీ తీసేసింది. సూపర్‌వైజరు పిన్నిని నెట్టిన మూడు సెకన్లూ, కెమెరా ఊగిందని కోసేసింది. "చెయ్యి తిరిగినదానివే!" అని మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా. ఆ ముక్క చూపించి కాంట్రాక్టరు మర్నాడే పన్నెండు మందిని పనిలోంచి తీసేశాడు. అందులో పిన్ని మొదటిది. చదువుకున్నవాళ్ళకు సిగ్గు కొంప మునిగాక గానీ రాదు.

క్లాసయిన సాయంత్రం చెత్తబండ్ల షెడ్డులో ఊడ్చేవాళ్ళ మీటింగు. పంతులమ్మ లేచి, తను ముక్క కోసిన సంగతీ క్లాసులో నవ్విన సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"తిన్నింటి వాసాలే లెక్కపెట్టావు కదే!" అని మీదికొచ్చాడు బండి తోలే తాత.

పిన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మొత్తం బొమ్మ ఉందా నీ దగ్గర?"

"లేదు పిన్నీ. చానలు వాళ్ళు చెరిపేశారు."

"పోనీలే. నేనన్న మాట నాకు గుర్తులేదా ఏంటి? ఆ క్లాసుకే పోదాం."

"మనల్ని రానిస్తారా?" అన్నాడు తాత.

"ఊడవడానికి రానిచ్చినవాళ్ళు మాట్లాడ్డానికి రానివ్వరా?"

మర్నాడు ఊడ్చేవాళ్ళు అరవై మంది ఆ క్లాసు గదిలో నిండిపోయారు. పంతులమ్మ అదే ముక్క వేసింది, ఈసారి వార్తల గొంతు కూడా తీసేసి. పిన్ని తెర పక్కన నిలబడింది.

"ల్యాబులో పగిలిన గాజు వట్టి చేతుల్తో ఎత్తమన్నారు. గ్లౌజులడిగాను. నెట్టాడు. మళ్ళీ చెయ్యి వేస్తే చూడు అని చీపురెత్తాను."

"గ్లౌజులడిగాం!" అన్నారు అరవై మంది.

ముందు బెంచీవాడు ఎర్రబడ్డ మొహంతో లేచాడు. "ఇంకోసారి వెయ్యండి," అన్నాడు.

అణగారినవాళ్ళ గొంతుల గురించి పుస్తకం రాసిన ప్రొఫెసర్ గారు బయటికెళ్ళి రిజిస్ట్రారుకు ఫోన్ చేశారు. పావుగంటలో పోలీసులు దిగారు.

"వీళ్ళు బలవంతంగా జొరబడ్డారని రాసివ్వమ్మా. నీ డిగ్రీకి ఢోకా ఉండదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పంతులమ్మ కాగితం అందుకుంది. రాసింది: 'శబ్దం తీసింది నేను. నెట్టింది సూపర్‌వైజరు. వీళ్ళను లోపలికి తీసుకొచ్చింది నేను.' కింద సంతకం పెట్టింది.

పిన్నినీ ఆమెనూ ఒకే వ్యానెక్కించారు. పంతులమ్మకు ఏడుపు ఆగలేదు.

"నన్ను క్షమించు పిన్నీ."

"పన్నెండు మందీ పనిలో చేరాక అడుగు."

వ్యాను ముందు ఊడ్చేవాళ్ళు బైఠాయించారు. వాళ్ళ మధ్య చోటు చేసుకుని క్లాసు పిల్లలు కూర్చుంటున్నారు. "గ్లౌజులడిగారు!" అని అరుస్తున్నాడు ముందు బెంచీవాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ముక్కు తుడుచుకో," అంది పిన్ని. "తుడుచుకుని, నువ్వూ గట్టిగా అరువు."