సరస్వతాకు డబుల్ డోసు

అంకమ్మరావుకు మతిమరుపు వచ్చిందని నూజెండ్లలో అందరికంటే ముందు తెలిసింది ఆయన మిరపతోటకే. పొద్దున మందు కొట్టిన మడికి సాయంత్రం మళ్ళీ కొట్టి ఆకంతా మాడ్చాడు. అదేమంటే, "కావాలనే డోసు పెంచా" అన్నాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకేంది రోగం?" అని ఇంతెత్తున లేచాడు. భార్య సుబ్బులమ్మకు గుండెల్లో రాయి పడింది. ఈ మొండిఘటాన్ని నరసరావుపేట దాకా కదిలించేదెట్లా?

చివరికి ఆ రోగమేదో తానే తగిలించుకుంది.

"ఏమయ్యా, నాకేదీ గుర్తుండట్లా" అంది ఓ రోజు, ఉప్పు లేని పప్పు వడ్డిస్తూ.

ఆయన గాభరాపడి, ఫార్మసీ చదువుతున్న మనవరాలు హరితకు ఫోన్ చేశాడు.

"జ్ఞాపకశక్తికి తింటారే, ఆ సరస్వతాకులో, పసుపులో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి తాతయ్యా. మెదడులో నరాల కణాలు పాడవకుండా కాపాడతాయని ఎలుకల్లో చూశారు. మనుషుల్లో ఇంకా తేలలేదు. ముందు అమ్మమ్మను డాక్టరుకు చూపించు" అంది హరిత.

ఆయన చెవికెక్కింది సరస్వతాకు, పసుపు వరకే.

మిరప రైతు చేతికి మందు దొరికితే డబ్బా మీద డోసు ఎవడు చూస్తాడు? పొద్దున ఆకు పచ్చడి, మధ్యాహ్నం ఆకు పప్పు, సాయంత్రం పసుపు పాలు. పెట్టిన సంగతి మరిచి మళ్ళీ పెట్టేవాడు. "నువ్వూ తిను" అని ఆమె బతిమాలితే, "తెగులు లేని చెట్టుకు మందెందుకే?" అనేవాడు. పది రోజులకు సుబ్బులమ్మ నాలుక పచ్చబడింది.

"గుణం కనపడట్లా. ఇంక డాక్టరే" అన్నాడు. సుబ్బులమ్మకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

నరసరావుపేటలో డాక్టరమ్మ అడిగింది. "ఇవాళ ఏం వారమమ్మా?"

సుబ్బులమ్మ మొగుడి వైపు చూసింది. పెళ్ళాం పరువు పోతుందని అంకమ్మరావే అందుకున్నాడు. "మంగళారం."

ఆ రోజు శుక్రవారం.

"పొద్దున ఏం తిని వచ్చారు?"

ఆయన నోరు తెరిచాడు. బిత్తరపోయి సుబ్బులమ్మ మొహంలోకి చూశాడు. డాక్టరమ్మ తన కుర్చీని మెల్లగా ఆయన వైపు తిప్పుకుంది.

తిరుగు బస్సులో మందుల చీటీ ఆయన పేరనే ఉంది. అది చదివి అన్నాడు.

"అయితే ఆ చేదంతా ఉత్తపుణ్యానికి తిన్నావా?"

"నువ్వు రావాలిగా!"

అంకమ్మరావు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు ఇదంతా మర్చిపోయి, మళ్ళీ నాకేంది రోగమంటే?"

"మళ్ళీ నాకే వచ్చిందంటాలే" అంది సుబ్బులమ్మ. "ఈసారి ఆకు మాత్రం కాస్త తక్కువెయ్యి."