పదికి ఎన్ని మార్కులు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మేనేజరుని అందరూ వెనకాల సైరన్ అనేవారు. బాయిలరు మోతని దాటి వినిపించే గొంతు ఆయనది. ఆ గొంతు పడలేక మూడు నెలల్లో నలుగురు పని మానేశాక, యజమాని ఆయనకి ఒక కోచ్‌ని పెట్టాడు. ఆవిడ వారానికోసారి వచ్చి, సైరన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఊపిరి గమనించమనేది. పనివాళ్లు ఆమెకి ఊపిరి మేడమ్ అని పేరు పెట్టారు.

"మనిషిని చూడగానే మంచి, చెడ్డ అని తేల్చేయకండి సార్. ఊరికే చూడండి. చూసింది రాయండి," అంది ఒకరోజు.

చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆయన. మడత బల్ల దగ్గర కొత్తగా చేరినామెని ఎంచుకున్నాడు. ఆమె ఆరు నెలల గడువు శుక్రవారంతో తీరుతుంది. మేనేజరు పదికి అయిదు వేస్తే ఉద్యోగం ఖాయం, తగ్గితే ఇంటికే. చెయ్యి నెమ్మదని ఇదివరకే మూడు వేసి ఉంచాడు. మేడమ్ మాట విన్నాక ఆ మూడు కొట్టేసి, సోమవారం నుంచి చూడటం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులు చూశాడు. నెమ్మదే. ప్రతి దుప్పటినీ అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి తడుముతుంది. చిరుగు తగిలితే పక్కన పడేస్తుంది. మిగతావాళ్లు చిరుగుని లోపలికి మడిచి పైకి నున్నగా పెడుతున్నారని కూడా అప్పుడే కనబడింది. కానీ గంటకోసారి ఆమె బల్ల వదిలేసి, ఇస్త్రీ రోలరు పక్కకి పోయి కళ్లు మూసుకుని నిలబడుతుంది. ఆలోగా దుప్పట్లు గుట్టపడతాయి. పక్కామె గొణుక్కుంటూ అవీ మడుస్తుంది.

అంతా రాశాడు. రెండు పేజీలయింది. మార్కుల గడి మాత్రం ఖాళీ. ఇరవై ఏళ్లలో ఆ గడి నింపడానికి ఆయనకి నిమిషం పట్టింది లేదు.

గురువారం యజమాని ఆ పేజీలు చదివి కళ్లజోడు తీశాడు.

"బాగానే రాశావయ్యా. ఇంతకీ ఉంచుకోవాలా, పంపించాలా?"

"చూస్తున్నానండి."

"ఇంకెంత చూస్తావు? రేపటికి నాకు అంకె కావాలి."

మధ్యాహ్నం మేడమ్ వచ్చినప్పుడు అడిగాడు. "తేల్చకుండా చూడమన్నావు కదమ్మా. చూశాను. మరి ఎప్పుడు తేల్చాలి?"

ఆమె మెల్లగా ఊపిరి తీసుకుంది. ఆయన కాచుకుని కూర్చున్నాడు. ఆమె మళ్లీ తీసుకుంది.

"మీకే తెలుస్తుంది సార్," అంది చివరికి.

ఆయనకేమీ తెలియలేదు.

శుక్రవారం పొద్దున మడత బల్ల దగ్గరామే ఆయన గది తలుపు తోసుకుని వచ్చింది.

"నాలుగు రోజుల్నుంచీ నన్నే చూస్తున్నారు. ఒక్క మాట లేదు. నేనేం చేశాను సార్?"

"ఏం లేదమ్మా. మంచీ చెడూ అనుకోకుండా చూస్తున్నా."

"ఏదో ఒకటి అనుకోండి సార్. తిట్టినప్పుడే నయం, ఎక్కడున్నానో తెలిసేది. ఇప్పుడు ముద్ద దిగట్లేదు."

ఆయనకి చివుక్కుమంది. ఇన్నాళ్లూ చూడటమే గానీ, ఆమెని అడగొచ్చని తోచనే లేదు.

"ఆ రోలరు దగ్గర ఏం చేస్తావు?"

"నడుం నొప్పి. ఆ వేడి తగిలితే మళ్లీ వంగగలను."

"నీ పని పక్కామె మీద పడుతోంది."

"పడుతోంది సార్," అని ఒప్పుకుంది.

ఆ జవాబుతో ముడి విడుతుందనుకున్నాడు. ఇంకా బిగిసింది. ఆమె కదలకుండా నిలబడే ఉంది. ఆయన కలం తీసి గడిలో ఆరు వేసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. నాలుగు కాకుండా ఆరే ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేడు.

ఆమె అంకె చూసింది. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. తర్వాత రెండు పేజీలూ తీరిగ్గా తిరగేసింది.

"ఇంత రాసి ఆరేనా? ఏడెయ్యొచ్చు కదా."

"ఆరే," అన్నాడు. "వెళ్లి పని చూసుకో."

ఆమె వెళ్లింది. అది న్యాయమో, మొహమాటమో ఆయనకి అంతుపట్టలేదు. మళ్లీ ఆ పేజీలు చదివితే మనసు మారుతుందని భయపడి, కాగితం మడిచి యజమాని గదికి నడిచాడు.