చివరి వరుస దాకా

"ఇక్కడికి రాలేదు," అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే.

వేదిక మీద బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి కాగితం సర్దుకుని, అదే వాక్యాన్ని కాస్త గట్టిగా చదివింది. పెద్దమ్మ మాప్ కర్రను ఎడమ నుంచి కుడికి ఒక్క వంపులో లాగి, ఒక అడుగు వెనక్కి వేసింది. కాలేజీ సమావేశాల హాలును ఆమె ఎప్పుడూ వెనక్కి నడుస్తూనే తుడుస్తుంది. వేదిక దగ్గర మొదలై తలుపు దగ్గర తేలుతుంది. తుడిచిన నేల మీద తన కాలిముద్ర పడడమంటే ఆమెకు తినే పళ్లెంలో చెయ్యి కడుక్కున్నట్టు. పొట్టి మనిషి. మోకాళ్ల దాకా నీలం రంగు పనికోటు. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్లు కర్ర లాగీ లాగీ అది అలాగే కుదురుకుంది.

"ఇప్పుడో?"

"నాలుగో వరుస దాకా వచ్చింది నీ గొంతు. నేను ఏడులో ఉన్నా."

ఇరవై రోజులుగా పొద్దున్నే ఇదే వరస. పెద్దమ్మ దూరం జరిగేకొద్దీ అమ్మాయి గొంతు పెంచాలి. ఆమె తలుపు చేరేసరికి పిల్ల అరుస్తున్నానన్న ధ్యాస కూడా లేకుండా అరుస్తుంది.

ఆ పిల్లకు గువ్వ అని పేరు పెట్టింది పెద్దమ్మే. మాట బయటికి రాకుండా గొంతులోనే కువకువలాడుతుందని. పోయిన టర్ములో గువ్వ ప్రాజెక్టు చెప్పడానికి ఇదే వేదిక ఎక్కి, రెండు వాక్యాలు చదివి, మూడోదానికి నాలుక పిడచకట్టుకుపోయి, కాగితాలన్నీ వదిలేసి బయటికి నడిచింది. వాటిని ఏరి, దుమ్ము దులిపి, మెట్ల మీద ఏడుస్తున్న పిల్ల చేతికిచ్చింది పెద్దమ్మ.

"నేనూ ఇంతే. ఈ ఊరొచ్చిన కొత్తలో నోరు తెరవాలంటే చచ్చేంత భయం. మాది వేరే భాష," అంది ఊరికే, ఓదార్పుగా.

గువ్వ ఏడుపు అక్కడికక్కడే ఆగింది. మర్నాడు నోటుపుస్తకంతో వచ్చింది. పుస్తకాల్లోంచి ఎత్తిరాసిన పాత ప్రాజెక్టు మూలపడేసి, పెద్దయ్యాక కొత్త భాష ఎలా పట్టుబడుతుందని పెద్దమ్మను కూచోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ఇవాళ పదకొండింటికి అందరి ముందూ అది చెప్పాలి. ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే ఏడాదంతా మళ్లీ చదవాలి.

పెద్దమ్మకూ ఇవాళ ఆఖరి రోజే. సాయంత్రం ఐదింటికి తాళాలు అప్పజెప్పేస్తే ఉద్యోగం ముగిసినట్టు. ఆ సంగతి గువ్వకు చెప్పలేదు. అసలే బెదురు పిల్ల. ఇది కూడా నెత్తిన పెట్టడం దేనికి?

నేల ఆరేదాకా ఆగి వేదిక దగ్గరికి వచ్చింది. గువ్వ చేతులు ఆనించిన బల్ల టకటకమంటోంది. పెద్దమ్మ కోటు జేబులోంచి నీలం గుడ్డముక్క తీసింది. రాత్రి పాత కోటు చింపి, ఎనిమిది మడతలు వేసి, ఇస్త్రీ చేసి తెచ్చింది. మోకాళ్ల మీద వంగి బల్ల పొట్టికాలి కింద దూర్చింది.

"వణికేది నువ్వు కాదే, ఇది. దీని చప్పుడు విని నువ్వు వణుకుతున్నావు."

"నిజంగానా పెద్దమ్మా?"

"సగం నిజం. మిగతా సగం నువ్వే."

పదకొండుకల్లా హాలు నిండింది. ముందు వరుసలో ముగ్గురు పరీక్షకులు. పెద్దమ్మకు అక్కడ పనేమీ లేదు. అయినా మాప్ కర్ర, బకెట్టు దగ్గర పెట్టుకుని, ఏదో పనున్నదానిలా వెనక తలుపు పక్కన నిలబడింది. బల్ల కదలలేదు. గువ్వ గొంతు మాత్రం కదిలింది. మొదటి వాక్యం రెండో వరుసలో ఆగింది. రెండోది ముందు వరుస దాటలేదు. మూడోది రానే లేదు.

ఫ్యాన్ల చప్పుడు పెద్దదైంది. గువ్వ చూపు తలుపు మీద పడింది. బయటికి పోయే పక్క తలుపు మీద. పరీక్షకురాలు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

సభ జరుగుతుండగా ఆ హాల్లో పెద్దమ్మ ఏనాడూ పెదవి విప్పలేదు. ఇప్పుడూ విప్పాలనుకోలేదు. ఇరవై రోజుల అలవాటు ఆమెను అడగలేదు.

"ఇక్కడికి రాలేదు."

హాల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. పెద్దమ్మ కర్రను రెండు చేతులా పట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే హాలంతా నవ్వింది. కొంప ముంచానే అనుకుంటూ ఆమె వేదిక వంక చూసింది. గువ్వ కాగితం వంక చూడడం లేదు, పక్క తలుపు వంకా చూడడం లేదు. నేరుగా తన వంకే చూస్తోంది.

"ఆవిడే," అంది గువ్వ. "నా ప్రాజెక్టు."

హాలు మళ్లీ నవ్వింది. ఈసారి గువ్వ కూడా.

"ఇప్పుడొచ్చిందా పెద్దమ్మా?"

"వచ్చింది. కానియ్."

ఇక గువ్వ ఆగలేదు. ఇరవై రెండేళ్ల మనిషి, పుస్తకాలు కుట్టే భర్త వెంట ఈ భాషలో ఒక్క ముక్క రాకుండా ఈ ఊళ్లో ఎలా దిగిందో చెప్పింది. తడి, జరగండి, ఎత్తండి అనే పనిమాటలు ముందొచ్చాయనీ, కుళాయి దగ్గర తిట్లు రెండో ఏట వచ్చాయనీ, 'నాకిది ఇష్టం' అనడానికి మాత్రం పదకొండేళ్లు పట్టిందనీ మెట్ల బొమ్మ వేసి చూపించింది. పని నేర్పిన ముసలామె నేల ఆరగానే గుమ్మంలో నిలబడ్డ పిల్లలతో "ఆరింది, ఇక నడవండి" అనేదట. ఆ మాట వినగానే అందరూ కదిలి వెళ్లడం చూసి, సాగనంపేటప్పుడు ఈ భాషలో ఇలాగే అంటారు కాబోలనుకుంది కొత్తామె. మూడేళ్లపాటు ఇంటికొచ్చిన చుట్టాలందరినీ అలాగే పంపింది. చివరికి పూలగుత్తి పట్టుకుని వెళ్లిపోతున్న పాత ప్రిన్సిపాలుకు కూడా గుమ్మంలో దణ్ణం పెట్టి అదే చెప్పింది. ఆయన తన బూట్ల వంక చూసుకుని, తర్వాత కళ్లనీళ్లు తిరిగేలా నవ్వాడట.

"సిగ్గుతో ఆ రాత్రి నిద్రపోలేదంది పెద్దమ్మ," అంది గువ్వ, చివరి వరుస దాకా వినపడేలా. "మర్నాటి నుంచి మాత్రం కాలేజీలో అందరూ ఆవిణ్ణి పలకరించారు. నవ్వినవాళ్లే మాటలు నేర్పారు. ఆ ఒక్క ఏడు ఆవిడకు వచ్చినన్ని మాటలు అంతకుముందు మూడేళ్లలో రాలేదు."

పరీక్షకురాలు వెనక్కి తిరిగింది. "ఏమ్మా, ఇవన్నీ నిజమేనా?"

"ఒక్కటి తప్పు మేడం. తిట్లు రెండో ఏడు కాదు, మొదటి ఏడే."

మధ్యాహ్నం ఫలితం గోడ మీద అంటించారు. గువ్వ గట్టెక్కింది.

పెద్దమ్మ హాలు ఇంకోసారి తుడిచి, తలుపు వేసి, ఐదింటికి కోటు విప్పి మడత పెట్టి, తాళాల గుత్తి స్టోరు సారు బల్ల మీద పెట్టింది.

"రేపట్నుంచి నన్నెవరు తిడతారు?" అన్నాడాయన, సంతకం కోసం పుస్తకం జరుపుతూ.

"కొత్తామె వస్తుందిగా. ముందు తిట్లే నేర్పండి. తొందరగా పట్టుబడతాయి."

"మీ చెల్లెలి దగ్గరికేగా వెళ్లేది? మీ భాషే, హాయి."

"ఏం హాయి సారూ, తుప్పు పట్టింది. ఫోన్లో నా మాటలకి అది పడీపడీ నవ్వుతోంది."

"నవ్వినవాళ్లే మాటలు నేర్పుతారని పొద్దున హాల్లో మీ పిల్ల చెప్పిందటగా."

పెద్దమ్మకు నవ్వొచ్చేసింది.

గేటు దగ్గర గువ్వ ఎదురైంది. ఎవరో చెప్పినట్టున్నారు, పరిగెత్తుకొచ్చింది. పెద్దమ్మ చేతిలో సంచి చూసింది, కోటు లేని భుజాలు చూసింది. నోరు తెరిచింది. మాట పెగల్లేదు.

"ఇక్కడికి రాలేదు," అంది పెద్దమ్మ.

గువ్వ ముక్కు తుడుచుకుంది. రెండు చేతులూ జోడించింది.

"ఆరింది పెద్దమ్మా," అంది, రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. "ఇక నడవండి."

పెద్దమ్మ రెండడుగులు వెనక్కే వేసింది, పిల్లను చూస్తూ. మూడో అడుగుకు తిరిగి, బస్సు వైపు నడిచింది.

పైన హాలు తలుపు వేసి ఉంది. నేల మీద ఒక్క కాలిముద్ర లేదు. వేదిక మీద బల్ల పొట్టికాలి కింద ఎనిమిది మడతల నీలం గుడ్డ, ఇస్త్రీ గీత చెదరకుండా.