రాక్షసబల్లి కాలికి పేడ

హార్స్లీ హిల్స్ ఎక్కే దారిలో లక్ష్మీపతికి ఒక రిసార్టుంది. కోతులు, గాలి, టీకొట్లు జనానికి చాలవనిపించిందేమో, లారీలో ఒక రాక్షసబల్లి బొమ్మను, టైరనోసారస్‌ను దింపించాడు. పైన రబ్బరు, లోపల ఇనుము. మీట నొక్కితే మెడ ఊపి, నోరు తెరిచి గర్జిస్తుంది. పక్కనున్న స్పీకరు దాని బతుకు చెబుతుంది: కోట్ల ఏళ్ల కిందటిది, అరటిపండంతేసి పళ్లు, ఎముకల్ని కూడా నమిలేసేది, ఎంత దూరాన ఉన్నా వేటను వాసన పట్టేది, చచ్చినదాన్ని కూడా వదిలేది కాదు.

అది అంత పెద్దదని తెలియాలంటే పక్కన ఒక చిన్నది ఉండాలి కదా. పుంగనూరు ఆవుకన్నా చిన్నది ఏముంది? అలా లక్ష్మీపతి కన్ను బి.కొత్తకోట పక్క పల్లెలో ఉండే గోవిందప్ప మీద పడింది. గోవిందప్పకు నడుమెత్తు కూడా లేని ఆవు గౌరి, దాని పెయ్యదూడ ఉన్నాయి. తాత కాలం నుంచి వస్తున్న ఆ సంతతిలో గౌరి తర్వాత మిగిలింది ఆ పెయ్య ఒక్కటే. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మేతకు ఎండు చెనిక్కాయ కట్టె కూడా దొరకలేదు. మేత నేను పెడతానని లక్ష్మీపతి అనగానే గోవిందప్ప ఇంకేమీ అడక్కుండా రెండింటినీ తోలుకొచ్చి రాక్షసబల్లి పక్కన కట్టాడు.

మొదటి గర్జనకే గౌరి పలుపు తెంపుకుంది. ఆ పూట పాలు చేపలేదు. దూడ గజగజ వణికింది.

కొత్త కొట్టంలో పశువు బెదిరితే గోవిందప్ప ఇంట్లో ఒకటే పని చేస్తారు. పశువుకు ముక్కే నమ్మకం, కాబట్టి దాని వాసనే ఆ చోటుకు పట్టిస్తారు. గౌరి పేడ, పంచితం కలిపి గోవిందప్ప రాక్షసబల్లి కాళ్లకు అలికాడు. దూడ పడుకునే గోనెతో ఆ కాళ్లను రోజూ రుద్దాడు. కొన్నాళ్లకు గౌరి ఆ కాలికి ఆనుకుని నెమరు వేసింది. దూడ దాని రెండు పాదాల నడుమ ముడుచుకుని నిద్రపోయింది. గోవిందప్ప మీసాల్లోనే నవ్వుకున్నాడు.

లక్ష్మీపతి మండిపడ్డాడు.

"ఏమప్పా గోవిందప్పా, అత్తగారింట్లో పండుకున్నట్ల పండుకోనుండాయి! జనం నవ్వతాండారు. కొంచిం బెదిరేటట్ల సెయ్యి."

"యాల బెదరల్ల సామీ? వాటికి అది మా కొట్టమే."

లక్ష్మీపతి కుప్పం నుంచి మెకానిక్కును పిలిపించి, తల నేలదాకా వంగేటట్టు మార్పించాడు. ఆ ముక్క గోవిందప్ప చెవిన ఎవరూ వేయలేదు.

ఆదివారం. మదనపల్లె నుంచి జనం బస్సుల్లో దిగారు. గోవిందప్ప కుడితికి నీళ్లు తేవడానికి వెళ్లాడు. ఎన్నడూ లేనంత పెద్ద గర్జన వినిపించి, బిందె వదిలేసి పరుగెత్తాడు. రాక్షసబల్లి తల కిందికి దిగుతోంది. గౌరి ఎగిరి పక్కకు దూకింది. దూడ మాత్రం బెదిరిపోయి, బెదిరిన దూడ ఎక్కడికి పోతుందో అక్కడికే పోయింది. సొంత కొట్టం వాసన వచ్చే ఆ కాలి దగ్గరికి. దవడ దాని మీద దిగింది.

ఎముకల్ని కూడా నమిలేసేది, అంటోంది స్పీకరు. ఆటలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

గోవిందప్ప దూడను ఒళ్లోకి తీసుకునేసరికి దాని మెడ వాలిపోయింది.

"పక్కకు పోతాదనుకుంటినప్పా," అన్నాడు లక్ష్మీపతి, ఎటో చూస్తూ. "నువ్వే గదా మచ్చిక జేసింది."

గోవిందప్పకు లక్ష్మీపతిని నరికేయాలనిపించింది. అంతకన్నా ముందు తన చేతులు నరుక్కోవాలనిపించింది.

దూడను పూడ్చి, గౌరిని తోలుకుపోదామని వచ్చాడు. అది కదల్లేదు. దూడ వాసన పట్టిన ఆ రబ్బరు కాలిని నాకుతూ, మధ్యమధ్య పిలుస్తోంది. పలుపు పట్టి లాగాడు. బతిమాలాడు. చివరికి బకెట్టు తెచ్చి, సబ్బు నురగతో ఆ కాలిని గోళ్లు అరిగేలా తోమాడు.

"రామ్మా, పోదాం రా. ఈడ లేదు అది," అన్నాడు.

అతను తోమిన చోటల్లా గౌరి మళ్లీ నాకింది.