తాబేలు కడుపులో దొరికినవి

“చేతులు సరిగ్గా కడుక్కున్నావా?” అని అత్తయ్య అడగని రోజు లేదు. సముద్రపు ఒడ్డున తాబేళ్ళ ఆసుపత్రిలో నేను డాక్టర్ని. ఇంట్లో మాత్రం నా దగ్గర ఎప్పుడూ చేపల కంపే.

ఆ ఆదివారం కూరగాయలు తరుగుతుంటే ఫోన్ వచ్చింది. జాలర్లు ఒక ఆడ తాబేలును తెచ్చారట, నీళ్ళలో మునగలేక తేలిపోతోందట. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. “మా ఆఫీసు వాళ్ళు భోజనానికొస్తున్నారు. అయినా తాబేలు నూరేళ్ళు బతుకుతుందిగా, ఒక్క పూట ఆగలేదా?” తన జోకుకి తనే నవ్వుకున్నాడు. గబగబా వంట ముగించి, గిన్నెల మీద మూతలు పెట్టి పరుగెత్తాను.

సెలైన్ ఎక్కిస్తుండగానే అది నా చేతుల్లో పోయింది. కోసి చూస్తే పేగు నిండా పాల ప్యాకెట్లు, స్ట్రాలు, చిరిగిన సంచుల పీలికలు. కడుపు నిండిందనుకుని తిండి మానేసి, చిక్కి శల్యమైంది. వెనక ఇంకా పెట్టని గుడ్లు. ఇంతలో విలేకరులు వచ్చారు. మా పెద్ద డాక్టరు అప్పుడు గ్లవ్స్ తొడుక్కుని, “కాస్త పక్కకి జరుగమ్మా, ఆ ట్రే మాత్రం పట్టుకో” అన్నాడు. ఫొటోలయ్యాక, “అందరికీ టీ చెప్పమ్మా” అన్నాడు. చెప్పాను. కాదనడానికి కూడా ఓపిక కావాలి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన పెద్ద సంచీ, దాన్నిండా ఎంగిలి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు.

“నీకు అంట్లు తగ్గుతాయని తెప్పించా” అన్నాడు మా ఆయన, మెప్పు కోసం చూస్తూ. “కాలువలో పడేసిరా.”

ఆ కాలువ ఎక్కడ కలుస్తుందో ఆయనకి తెలియదా? నేను చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నాను.

“ఇవి ఇంకెప్పుడూ ఇంట్లోకి రాకూడదు. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి.”

“వచ్చినవాళ్ళ చేత కూడా కడిగిస్తావా?”

“మీ అతిథులవి మీరు కడగండి.”

“ఒక్క తాబేలు చచ్చినందుకు ఇంత రాద్ధాంతమా? అమ్మా, విన్నావా?”

అత్తయ్య విన్నది. ఆ రాత్రి భోజనం కాగానే తన కంచం తీసుకుని సింకు దగ్గరికి నడిచింది. కడిగి, తుడిచి, బోర్లించి, చీర కొంగుతో చేతులు ఒత్తుకుంటూ కొడుకు వైపు కాక నా వైపు చూసింది.

“పెళ్ళయినప్పటి నుంచీ ఇంటిల్లిపాదివీ కడిగాను. ఒక్క కంచమైతే ఎంత తొందరగా అయిపోతుందో ఇవాళే తెలిసిందే” అంది.