నీడలో ఆరవలసిన ఆకు

ఒక్కో దుప్పటి మడతలో ఒక్కో చిన్న గుడ్డమూట దోపుతోంది ఆమె. మూటలో పిడికెడు ఎండు వావిలాకు. ఆస్పత్రి అడుగు అంతస్తులో, కిటికీ లేని ఆ గది తలుపు ఇరవై రెండేళ్లుగా తీసేదీ వేసేదీ ఆమే. పై అంతస్తుల వాళ్లకి ఆమె దుప్పట్లక్క. ఉన్ని నూగు పట్టిన ముతక చేతులు, గోళ్ల కింద ఆకుపొడి. ఆ ఘాటు, కాస్త చేదు వాసన ఎంత రుద్ది కడిగినా ఆమెను వదలదు.

చేరిన తొలి ఏడాది, చలి మొదలయ్యే ముందు బీరువాలు తెరిస్తే నలభై దుప్పట్లు జల్లెడలై ఉన్నాయి. పై అధికారి నానా మాటలూ అన్నాడు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే, "నువ్వేడిస్తే పురుగులు చస్తాయా?" అంటూ అత్తగారు పెరట్లోకి వెళ్లి వావిలి కొమ్మలు విరుచుకొచ్చింది. ఆకు దూసి, నీడన ఆరబెట్టి, పాత చీర ముక్కల్లో మూటలు కట్టి ఇచ్చింది. అప్పటినుంచీ ఆరబెట్టడం అత్త వంతు, మోసుకెళ్లడం కోడలి వంతు.

భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. మాట్లాడుకోవడానికీ ఎక్కువగా ఆ ఆకే దొరికేది. గింజల డబ్బాలో వేస్తే పురుగు పట్టదని, సందెవేళ పొగవేస్తే దోమలు ఆ గడప తొక్కవని, మరిగించిన నీళ్లతో కాపడం పెడితే కీళ్ల నొప్పులు దిగుతాయని అత్తగారు చెప్పిందే చెప్పేది. మెచ్చుకోవడం మాత్రం ఆవిడకి రాని విద్య.

వారం కిందట అత్తగారికి ఊపిరి అందక ఇదే ఆస్పత్రి మూడో అంతస్తులో చేర్చారు. ఈ ఉదయం నర్సమ్మ దిగివచ్చింది.

"అక్కా, మా వార్డు బీరువాలో కలరా ఉండలు వేసిన దుప్పట్లు కప్పితే పెద్దావిడకి దగ్గు ఆగట్లేదు. నీ ఆకు దుప్పటి ఒకటి ఇవ్వవా?"

చేతిలో ఉన్న దుప్పట్ల బొత్తి పక్కన పెట్టి, మెత్తగా ఉన్నదొకటి ఏరి తానే పట్టుకెళ్లింది. అత్తగారి ముఖం పిడికిలంత అయిపోయింది. కప్పగానే దుప్పటి అంచు ముక్కు దగ్గరకు లాక్కుని పీల్చింది. దగ్గు రాలేదు. కోడలు ఆ పెదవులకేసే చూస్తూ నిలబడింది.

"ఆకు ఎండలో పెట్టావు కదే?"

"ఇల్లూ ఆస్పత్రీ తిరగడంలో పెరట్లోకి వెళ్లే తీరిక లేక, దారిలో దూసిందే ఎండలో పోశా, అత్తయ్యా..."

"తీరిక లేనిది నీకు. ఆకుకేం తొందర? వాసన సగం చచ్చింది."

కోడలికి కోపం రాలేదు. చాన్నాళ్ల తర్వాత ఆ గొంతు ఆ గొంతులా వినిపించింది. "ఈసారి నీడనే పెడతాలెండి" అని కాళ్ల దగ్గర దుప్పటి సర్ది, పనిలోకి దిగింది.

మధ్యాహ్నం రెండింటికి నర్సమ్మ మళ్లీ వచ్చింది. వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

పైన, గడ్డం దాకా దుప్పటి కప్పుకుని, మడతలో ముఖం దాచుకుని నిద్రపోతున్నట్టే ఉంది అత్తగారు.

"నువ్వెళ్లాక నాతో ఒక మాటందక్కా" అంది నర్సమ్మ మెల్లగా. "'మా కోడలు ఇరవై ఏళ్లలో ఒక్క దుప్పటిని పురుగు పాలు చెయ్యలేదు. ఈ మాట దానికి చెప్పకు, నెత్తికెక్కుతుంది' అంది."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే విరిగి ఏడుపైంది. ఇరవై రెండేళ్ల కిందట ఏడ్చినట్టే, వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకోమని కసిరేవాళ్లు లేరు.

అన్నీ ముగిసిన మర్నాడు ఆమె పెరటి వైపు తలుపు తీసింది. చూరు కింద నీడలో, ఆస్పత్రికి వెళ్లేముందు అత్తగారు సగంలో వదిలేసిన పని అలాగే ఉంది. పరిచిన పాత చీర మీద ఆకు గలగలమంటూ ఆరిపోయింది. దాన్ని తిరగేసే వెదురు పుల్ల గోడకి ఆనించి ఉంది. పట్టుకునే చోట చేతి రాపిడికి నున్నగా అరిగి, చివర ఇంకా ఆకుపసరు రంగు వదలకుండా.