ఖాళీ గడికి కావలి

నేను కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక చిన్న ఫంక్షన్‌ని. డేటాబేస్‌లో పోలికలు చూడటం నా పని. 'నీటిమట్టం ప్రమాద గుర్తు దాటిందా?' అని అడిగితే మామూలు పోలిక అవుననో కాదనో చెబుతుంది. అంకె లేని ఖాళీ గడి ఎదురైతే మాత్రం నోరు మెదపదు, ఆ ఊరిని గుట్టుచప్పుడు కాకుండా జారవిడుస్తుంది. నన్ను పుట్టించిన ఇంజనీరు ఎవరో పిరికివాడై ఉంటాడు. 'క్షేమమని తెలిస్తే తప్ప ఎవరినీ వదలకు' అని చెప్పి పంపాడు. ఆ పిరికితనమే నాకూ ఒంటబట్టింది.

ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి గోదావరి వరదల కంట్రోల్ రూమ్‌లో ప్రోగ్రామర్ ఝాన్సీ చేతికి వచ్చాను. నీటిమట్టం కబురు అందని ప్రతి ఊరినీ బోర్డు మీద ఎర్రగా వెలిగించేవాణ్ణి. పైఅధికారి విశ్వపతి గారికి విసుగెత్తింది.

"ఇది నాన్నా పులి కథలా ఉందమ్మా. కబురు రాలేదంటే ఏమీ లేదనేగా. తీసెయ్."

ఝాన్సీ నా ముందు రెండు చిన్న గీతలు పెట్టి, కంప్యూటర్ నన్ను చదవకుండా చేసింది. నా చోట మామూలు పోలికను కూర్చోబెట్టింది. మనుషులంతే. ఊళ్లవాళ్ల కబురు లేకపోతే క్షేమం, సొంత బిడ్డ బడినుంచి కాస్త ఆలస్యమైతే కాళ్లూ చేతులూ ఆడవు.

ఆ మధ్యాహ్నం వరద పెరిగింది. ఏటి మధ్యనున్న పుంతవారిలంక నుంచి గంటగంటకూ ఫోన్లో నీటిమట్టం చెప్పే సూరిబాబు ఈసారి చెప్పలేదు. గడి ఖాళీ. బోర్డు మీద ఆ లంక ఎర్రగా లేదు సరికదా, అసలు లేనే లేదు. అక్కడ పసిపిల్లలున్నారు, మంచం దిగలేని ముసలివాళ్లున్నారు. నేను అరుద్దామన్నా గొంతు లేదు. భయమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

ఝాన్సీ టీ తాగుతూ బోర్డు వంక చూసింది. లంకకు ఎగువ ఊరు ఎరుపు, దిగువ ఊరు ఎరుపు. మధ్యలో ఏమీ లేదు. గ్లాసు కింద పెట్టి, ఎవరినీ అడక్కుండా నా ముందున్న గీతలు చెరిపేసింది. పుంతవారిలంక భగ్గున ఎర్రబడింది. విశ్వపతి గారు అది చూసి, పడవలు పంపమని ఫోన్ చేశారు.

వరద తీశాక సూరిబాబు ఆఫీసుకు వచ్చాడు.

"ఫోను ఏట్లో పడిపోయిందండి. అందరం బడి డాబా ఎక్కేసి కూకున్నామండి. నేను కబురే చెయ్యలేదు గదండీ, పడవలెలాగొచ్చాయండి?"

"మీరు చెయ్యలేదనే వచ్చాయండి," అంది ఝాన్సీ.

ఇప్పుడు అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారట. పాత సర్వర్‌తో పాటు నన్నూ స్టోర్ రూమ్‌లో పడేశారు. ఖాళీ గడుల్ని ఇప్పుడెవరు చూస్తున్నారో నాకు తెలియదు. తెలియదు కాబట్టే, రేకుల మీద వాన మొదలైనప్పుడల్లా భయపడుతూ ఉంటాను.